రీడింగ్ రూమ్‌లో ఎనిమిది పాత కంప్యూటర్లు, చేతిలో 16,000 రూపాయలు: బెంచ్‌మార్క్ డైరీ

మీ వీధి లైబ్రరీకో, బడికో పాత కంప్యూటర్లు వచ్చి, ఉన్న కొద్ది డబ్బు ఎక్కడ పెట్టాలో తేలకపోతే ఈ బెంచ్‌మార్క్ డైరీ, అంటే కంప్యూటర్ల వేగం కొలిచి రాసుకున్న డైరీ, పనికొస్తుంది. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే మీకు కనీసం రెండు వారాలు మిగులుతాయి.

ఉన్న సరుకు

విశాఖపట్నం కంచరపాలెంలో మా రీడింగ్ రూమ్‌కి, మూతపడిన ఒక కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఎనిమిది సిస్టమ్‌లు ఇచ్చారు. అన్నీ ఒకే రకం. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 చూస్తే ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను, ఏవో కొన్ని తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. అందుకని అన్నిటిలోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం.

వాడేది గ్రూప్స్‌కి, రైల్వేకి, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలు. అప్లికేషన్ నింపడం, హాల్ టికెట్ దించుకోవడం, పీడీఎఫ్ చదవడం, టైపింగ్ ప్రాక్టీసు, తెలుగులో నోట్సు రాసుకోవడం. చందాలు వేస్తే 16,000 వచ్చాయి. దాంతో ర్యామ్ కొనాలా, హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు కొనాలా, సెకండ్ హ్యాండ్ ఐ5 ప్రాసెసర్లు వేయాలా? ద్వారకానగర్‌లో మూడు షాపుల్లో అడిగితే మూడు జవాబులు వచ్చాయి. అందుకే కొలిచి తేల్చుకుందామనుకున్నాం.

1వ దశ: వారం రోజులు, 62 కొలతలు, అన్నీ వృథా

ఎలా వృథా అయ్యాయో వరుసగా చెబుతాను. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ఈ నాలుగూ ఎదురవుతాయి.

ప్రాసెసర్ వేగం చూడటానికి నూరు కోట్ల సార్లు కూడిక చేసే చిన్న సీ ప్రోగ్రాం రాశాను. ఆప్టిమైజేషన్ (అనవసరమైన పని తగ్గించే సెట్టింగ్) పెట్టి కంపైల్ చేసి నడిపితే 0.00 సెకన్లు వచ్చింది. ఎనిమిది సిస్టమ్‌లలోనూ అంతే. వచ్చిన మొత్తాన్ని నేను ఎక్కడా వాడలేదు, ప్రింట్ కూడా చేయలేదు. వాడని లెక్క ఎందుకని, ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆ లూప్‌ని మొత్తానికే తీసేసింది. ఇది పాత జబ్బే. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ రాసిన డ్రైస్టోన్ అనే బెంచ్‌మార్క్‌కీ ఇదే పట్టింది. కంపైలర్లు తెలివిమీరేకొద్దీ అందులోని పని మాయమవుతూ వచ్చింది. దాన్ని అడ్డుకోవడానికే 1988లో రెండో వెర్షన్ తేవాల్సి వచ్చింది.

రెండోది డిస్క్. 2 జీబీ ఫైల్‌ని చదివిస్తే మొదటిసారి సెకనుకు 112 ఎంబీ వచ్చింది. రెండోసారి 3,100 ఎంబీ! తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్‌కి ఆ వేగం కలలో కూడా రాదు. మొదటిసారి చదివిన ఫైల్ ర్యామ్‌లో ఉండిపోయింది, రెండోసారి అక్కడినుంచే వచ్చింది. అంటే నేను కొలిచింది డిస్క్‌ని కాదు, ర్యామ్‌ని. అప్పటినుంచి ప్రతి డిస్క్ కొలతకి ముందు క్యాష్ (ర్యామ్‌లో అలా మిగిలిపోయే ఫైళ్లు) ఖాళీ చేస్తున్నాం, లేదా సిస్టమ్ రీస్టార్ట్ చేస్తున్నాం.

మూడోది వెబ్‌సైట్. ఒక ఉద్యోగాల సైట్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూశాం. ఉదయం 11 సెకన్లు, సాయంత్రం ఏడింటికి అదే సిస్టమ్‌లో 48 సెకన్లు. అది సైట్ మీద రద్దీ, మా నెట్ మీద రద్దీ. సిస్టమ్‌కి సంబంధం లేదు. తర్వాత అవే పేజీలను సేవ్ చేసి లోకల్‌గా తెరిచాం.

నాలుగోది మొబైల్ స్టాప్‌వాచ్. ఒకే బూట్‌ని (సిస్టమ్ ఆన్ చేశాక సిద్ధం కావడాన్ని) నేను కొలిస్తే 95.9, నాతో పనిచేసిన డిగ్రీ అమ్మాయి కొలిస్తే 95.1. వేలు నొక్కడంలోనే ముప్పావు సెకను పైన తేడా. ఇప్పుడు మొబైల్‌ని స్టాండ్‌కి పెట్టి సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీస్తున్నాం. పవర్ లైట్ వెలిగిన ఫ్రేము నుంచి బ్రౌజర్‌లో పేజీ పూర్తిగా కనిపించిన ఫ్రేము దాకా లెక్క. ఒక ఫ్రేము అంటే సెకనులో అరవయ్యో వంతు, మాకు అది చాలు.

ఇప్పటిదాకా: 9 గంటలు, 62 కొలతలు, పనికొచ్చినవి 0. ఖర్చు 0.

2వ దశ: తాతగారి బెంచ్ మార్కు

రీడింగ్ రూమ్ తాళాలు ఉండేది ఒక తాతగారి దగ్గర. సర్వే పనిలో రిటైరైన మనిషి. మేం రోజూ "బెంచ్‌మార్క్, బెంచ్‌మార్క్" అనుకుంటుంటే ఒకరోజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఏటి బాబూ, బెంచ్ మార్కంటే మా బెంచ్ మార్కేనా?"

"పేరు అక్కడినుంచే వచ్చిందండీ తాతగారూ. మాది కంప్యూటర్లకి."

ఆయన కాగితం మీద అడ్డగీత గీసి, దాని కింద పైకి చూసే బాణం వేశారు. రాయి మీదో గోడ మీదో ఈ గుర్తు చెక్కుతారట. ఆ అడ్డగాడిలో ఇనుప కోణం ఆనిస్తే అదే బెంచీ అవుతుంది, దాని మీద కొలకర్ర నిలబెడతారు. ఎవరు ఎప్పుడొచ్చి పెట్టినా కర్ర అదే ఎత్తులో నిలవాలి, గుర్తు ఉండేది అందుకే. రైల్వే స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని రాస్తారు కదా, అలాంటి ఎత్తులన్నీ ఒక మొదటి లెక్క నుంచి గుర్తు మీద గుర్తుగా మోసుకొచ్చినవే. మన దేశానికి 1909లో ఖరారు చేసిన సగటు సముద్రమట్టానికి తీరం వెంబడి తొమ్మిది చోట్ల ఆటుపోట్లు కొలిచారు. ఆ తొమ్మిదిలో మన విశాఖపట్నం ఒకటి. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన పోర్టు వైపు చెయ్యి చూపించారు.

తర్వాత ఒక ప్రశ్న వేశారు, మా ప్రాజెక్టు దారి మార్చింది అదే.

"మరి మీరు మొదలెట్టిన చోటికి తిరిగొచ్చి చూసుకున్నారా?"

లెవలింగ్‌లో, అంటే నేల ఎత్తులు కొలిచే సర్వేలో, ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి, ఊరంతా తిరిగి, మళ్లీ అదే గుర్తు దగ్గర ముగిస్తారు. మొదటి అంకె, చివరి అంకె ఒకటే రావాలి. ఎంత తేడా వస్తే ఆ రోజు పనిలో అంత తప్పు ఉన్నట్టు. దాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటారు. హద్దు దాటితే ఆ రోజు పని మొత్తం కొట్టేసి మళ్లీ నడవాల్సిందే.

మేం ఒక సిస్టమ్‌ని ఇంకో సిస్టమ్‌తో పోలుస్తున్నామే గానీ, ఒక సిస్టమ్‌ని దానితోనే ఎప్పుడూ పోల్చలేదు. కొలతలో సహజంగా ఎంత ఊగు ఉందో తెలియకుండా రెండు అంకెల మధ్య తేడా గురించి మాట్లాడటం దండగ. ఈ డైరీలో మీరు ఒక్క విషయమే తీసుకోదలిస్తే దయచేసి ఇది తీసుకోండి.

3వ దశ: 3వ సిస్టమ్‌ని దానితోనే పోల్చడం

3వ సిస్టమ్‌ని గుర్తురాయిగా పెట్టుకున్నాం. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఏమీ మార్చకూడదు. పవర్ బటన్ నుంచి బ్రౌజర్ పేజీ దాకా 20 సార్లు కొలిచాం. ఇరవైసార్లూ అదే సిస్టమ్, అదే పని.

వచ్చినవి 88.3 నుంచి 121.0 సెకన్ల దాకా. 33 సెకన్ల ఊగు. ఈ స్థితిలో ఏదైనా పార్టు మార్చి "పది సెకన్లు తగ్గింది" అనుకుంటే అది మమ్మల్ని మేం మోసం చేసుకోవడమే.

కారణాలు ఒక్కొక్కటిగా వెతికాం. పెద్ద దొంగ అప్‌డేట్ మేనేజర్. బూట్ అవగానే వెనకాల డిస్క్ గీకడం మొదలుపెడుతుంది, కొన్నిసార్లు మాత్రమే. హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క డిస్క్‌ని చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి, తల అక్కడికి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ఇద్దరు ఒకేసారి అడిగితే తల ఇటూ అటూ పరిగెడుతూ ఇద్దరి పనీ నానబెడుతుంది. ఆ చప్పుడు చెవికి వినిపిస్తుంది కూడా. అప్‌డేట్ మొదలైన రన్‌లలో కరకరమని ఆగకుండా వచ్చేది.

ఇంకో కారణం, ముందు రన్‌లో సిస్టమ్‌ని ఎలా ఆపామన్నది. ఒకసారి స్విచ్ బోర్డు దగ్గరే కరెంటు తీసేశాం. తర్వాతి బూట్‌లో ఫైల్ సిస్టమ్ చెకింగ్‌కి 20 సెకన్ల పైన పోయింది. ఆ 121.0 వచ్చింది అప్పుడే.

అప్పుడు పెట్టుకున్న పద్ధతి:

1. ముందురోజు రాత్రే అప్‌డేట్లు అన్నీ చేసేసి, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపాలి. (కొలతలన్నీ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.)
2. ఉదయం 6.30 నుంచి 8.30 లోపే కొలవాలి. గది ఉష్ణోగ్రత పుస్తకంలో రాయాలి. ఫ్యాన్ రోజూ అదే నంబరు మీద ఉండాలి.
3. మొదట 3వ సిస్టమ్‌ని కొలవాలి.
4. ప్రతి పరీక్షా ఆరుసార్లు. మొదటిది వదిలేసి, మిగతా ఐదింటిని వరుసలో పెట్టి నడిమిది తీసుకోవాలి. లెక్కల పుస్తకంలో మధ్యగతం అంటాం కదా, అది. ఒక్క చెడ్డ రన్ వచ్చినా దాన్ని పెద్దగా కదపలేదు.
5. మిగతా సిస్టమ్‌ల వరుస చీటీలు తీసి నిర్ణయించాలి.
6. చివర మళ్లీ 3వ సిస్టమ్. ఉదయం మొదటి అంకెకీ దీనికీ 3 శాతం పైన తేడా ఉంటే ఆ పూట కొలతలన్నీ కొట్టేయాలి.

ఈ పద్ధతిలో ఇంకో 20 కొలతలు తీశాం. 93.1 నుంచి 95.6 దాకా వచ్చాయి, మధ్యగతం 94.2. ఊగు రెండున్నర సెకన్లు, అంటే 3 శాతం లోపు. ఇక్కడినుంచి మాకు ఒకటే నియమం: 3 శాతం కంటే తక్కువ తేడా వస్తే తేడా లేనట్టే.

ఇప్పటిదాకా: 19 గంటలు, 102 కొలతలు, పనికొచ్చినవి 20. ఖర్చు 0.

4వ దశ: 5వ సిస్టమ్‌కి జ్వరం

ప్రాసెసర్ కొలతకి సొంత ప్రోగ్రాం వదిలేసి, ఫైళ్లని కుదించే 7-జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్ తీసుకున్నాం. అది నిజంగా కంప్రెస్ చేస్తుంది, విప్పుతుంది, చివర మిప్స్‌లో (సెకనుకు ఎన్ని పది లక్షల ఆదేశాలు అన్న లెక్కలో) ఒక రేటింగ్ ఇస్తుంది. ఎనిమిది సిస్టమ్‌లలో పదేసిసార్లు ఆపకుండా నడిపాం.

ఏడు సిస్టమ్‌లు 9,300 నుంచి 9,450 మధ్య నిలకడగా ఉన్నాయి. 5వది మాత్రం మొదటి రన్‌లో 9,350, నాలుగో రన్‌కి 7,100, పదో రన్‌కి 5,900. ఒకే రన్ నడిపి వదిలేసి ఉంటే ఇదీ మంచి సిస్టమే అని రాసుకునేవాళ్లం. చిన్న బెంచ్‌మార్క్‌లలో దాగిపోయే జబ్బు ఇది. పరుగు మొదలైన వంద మీటర్లలో అందరూ బాగానే ఉరుకుతారు.

ఉష్ణోగ్రత చూస్తే 99 డిగ్రీలు. 3.6 గిగాహెర్ట్జ్ ఉండాల్సిన క్లాక్ (ప్రాసెసర్ నడిచే వేగం) 2.2కి దిగిపోయింది. కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది.

కేబినెట్ విప్పాం. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మూలల్లో నాలుగు పుష్ పిన్‌లు ఉంటాయి. వాటిలో రెండు బోర్డులోకి దిగనే లేదు, ఒకదాని ముక్కు విరిగి ఉంది. వేలితో తాకితే కూలర్ ఊగింది. తీసి చూస్తే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి సుద్దలా పొడిగా రాలింది. ప్రాసెసర్ మధ్యలో రూపాయి బిళ్లంత మేర మాత్రం కొంచెం తడి మిగిలి ఉంది, అంటే వేడి బయటికి పోతున్నది ఆ కాస్త దారినే. ఫ్యాన్ రెక్కల మధ్య బూజు దళసరిగా, చెమ్మ పట్టి అట్టకట్టింది. సముద్రం పక్క ఊరు కాబట్టి కేబినెట్ స్క్రూలన్నీ తుప్పు, ర్యామ్ అంచున బంగారు రంగు కాళ్లు నల్లబడ్డాయి.

చేసినవి:

1. దుమ్ము బయటికి తీసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టాం. బ్లోయర్ గాలికి ఫ్యాన్ తిరగకుండా వేలు అడ్డం పెట్టాలి.
2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్ట్ తుడిచాం. కొత్తది బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద చుక్క మధ్యలో పెట్టాం, పులమలేదు.
3. కూలర్ కొత్తది వేశాం. పిన్‌లు ఎదురెదురు మూలలుగా నొక్కాలి. నాలుగూ టిక్‌మన్నాక బోర్డు వెనక నుంచి చూసి, ముక్కులు బయటికి వచ్చాయో లేదో సరిచూసుకోవాలి.
4. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచి పెట్టాం.

తర్వాత పది రన్‌లు: 9,310 నుంచి 9,400. ఉష్ణోగ్రత 71 దాటలేదు. మిగతా ఏడింటికీ పేస్ట్ మార్చాం. వాటి రేటింగ్‌లో 3 శాతం దాటే తేడా ఏమీ రాలేదు గానీ, వేడి మాత్రం 6 నుంచి 11 డిగ్రీలు తగ్గింది. మే నెలలో మధ్యాహ్నం మా గది 34 డిగ్రీలు ఉంటుంది, అప్పుడు ఆ పది డిగ్రీలే కాపాడతాయి.

3వ సిస్టమ్‌కి కూడా పేస్ట్ మార్చాం కాబట్టి దాన్ని మళ్లీ కొలిచాకే ముందుకు వెళ్లాం. బూట్ అదే 94.2.

ఖర్చు: పేస్ట్ 320, ఆల్కహాల్ 180, కూలర్ 350. మొత్తం 850.

ఇప్పటిదాకా: 31 గంటలు, 192 కొలతలు, పనికొచ్చినవి 110.

5వ దశ: ఏ పని కొలవాలి

7-జిప్ అంకె నిలకడగా ఉంది, నమ్మొచ్చు. కానీ మా పిల్లలు రోజంతా ఫైళ్లు జిప్ చేయరు. ఆ రేటింగ్‌నే పట్టుకుంటే ఐ5 ప్రాసెసర్లు కొనమంటుంది. బూట్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తోందో చూశాం. చాలా సమయం ఖాళీగా, డిస్క్ ఎప్పుడిస్తుందా అని ఎదురుచూస్తోంది. దానికి ఇంకా వేగం ఇస్తే ఇంకా వేగంగా ఎదురుచూస్తుంది, అంతే. ఐ5 ఆలోచన అక్కడితో కొట్టేశాం.

ఒకే అంకె వెంటపడితే ఏమవుతుందో పెద్దవాళ్లకీ అనుభవమే. 1988లో ఏర్పడిన స్పెక్ అనే సంస్థ, బొమ్మ ప్రోగ్రాంలు కాకుండా నిజమైన ప్రోగ్రాంలతో కొలవాలని మొదటి సెట్ తెచ్చింది. అందులో మ్యాట్రిక్స్300 అని ఒకటి ఉండేది. కంపైలర్ కంపెనీలు ఆ ఒక్కదాన్నే పట్టుకుని లూప్‌లు తిరగరాస్తే స్కోర్లు ఎన్నో రెట్లు పెరిగాయి. తర్వాత 1992 సెట్‌లో దాన్ని తీసేయాల్సి వచ్చింది.

మేం మూడు రోజులు పిల్లల వెనక కూర్చుని ఏం చేస్తున్నారో రాసుకుని, మూడు పరీక్షలు ఖరారు చేశాం:

1. బూట్: పవర్ బటన్ నుంచి బ్రౌజర్‌లో సేవ్ చేసిన పేజీ కనిపించేదాకా.
2. నోట్సు: 40 పేజీల తెలుగు ఫైల్‌ని లిబ్రేఆఫీస్‌లో తెరిచి, పీడీఎఫ్ చేసేదాకా.
3. రద్దీ: బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక పెద్ద స్కాన్ పీడీఎఫ్, నోట్సు ఫైల్, అన్నీ తెరిచి ట్యాబ్‌ల మధ్య ఒక చుట్టు తిరిగేదాకా. అప్లికేషన్ చివరి తేదీ రోజున ఇక్కడ జరిగేది ఇదే.

7-జిప్‌ని వేడి చూడటానికి మాత్రం ఉంచుకున్నాం.

6వ దశ: ఒకసారికి ఒకటే మార్పు

ఒక ఎస్‌ఎస్‌డీ (1,650), ఒక పాత 4 జీబీ ర్యామ్ (450) తెచ్చాం. ప్రయోగం 4వ సిస్టమ్ మీద చేశాం. ఏమీ మార్చకముందు అది 3వ సిస్టమ్‌కి 3 శాతం లోపే ఉందని చూసుకున్నాం.

3వ సిస్టమ్, గుర్తురాయి: బూట్ 94.2, నోట్సు 31.4, రద్దీ 163 సెకన్లు.

ర్యామ్ మాత్రమే 8 జీబీ చేస్తే: బూట్ 92.8, నోట్సు 30.2, రద్దీ 58.

ఎస్‌ఎస్‌డీ మాత్రమే వేస్తే: బూట్ 27.1, నోట్సు 12.3, రద్దీ 34.

రెండూ వేస్తే: బూట్ 26.5, నోట్సు 11.9, రద్దీ 19.

ర్యామ్ పెంచితే బూట్‌లో వచ్చిన 1.4 సెకన్ల తేడా మా 3 శాతం లోపలే ఉంది, కాబట్టి లేనట్టే. "ర్యామ్ పెంచితే అంతా స్పీడ్ అయిపోతుంది" అన్న షాపు మాట సగమే నిజం. రద్దీలో మాత్రం ర్యామ్ తన విలువ చూపించింది. 4 జీబీ నిండిపోయాక సిస్టమ్ అప్పటికి వాడని ర్యామ్ ముక్కల్ని డిస్క్ మీదికి తోస్తూ, మళ్లీ లాక్కుంటూ ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద ఆ లాగుడే 163 సెకన్లకి కారణం.

ఇప్పటిదాకా: 46 గంటలు, 318 కొలతలు, పనికొచ్చినవి 215. ఖర్చు 2,950.

7వ దశ: సగటు దగ్గర వచ్చిన తగాదా

మూడు అంకెలకి బదులు ఒకటే చెప్పమన్నారు చందా ఇచ్చినవాళ్లు. నేను సగటు తీశాను. డిగ్రీ అమ్మాయి ఒప్పుకోలేదు.

"అన్నయ్యా, దేన్ని ఒకటి అనుకుంటే సగటు దానికి తగ్గట్టు మారిపోతోంది, చూడండి" అని 2వ, 6వ సిస్టమ్‌ల పేరు మీద ఊహించిన అంకెలు వేసి చూపించింది. ఇవి మేం కొలిచినవి కావు, లెక్క తేలిగ్గా కనబడటానికి వేసుకున్నవి. 2వ సిస్టమ్: నోట్సు 20, జిప్ 60 సెకన్లు. 6వ సిస్టమ్: నోట్సు 40, జిప్ 30.

2వదాన్ని ఒకటి అనుకుంటే 6వ దాని సమయాలు 2, అర. సగటు 1.25, అంటే 6వది పాతిక శాతం నెమ్మది. 6వదాన్ని ఒకటి అనుకుంటే 2వ దాని సమయాలు అర, 2. సగటు మళ్లీ 1.25, అంటే ఈసారి 2వది పాతిక శాతం నెమ్మది. రెండూ ఒకదానికంటే ఒకటి నెమ్మది కావడం కుదరదు కదా.

నిష్పత్తులకి గుణమధ్యమం తీయాలి. రెండు అంకెలైతే గుణించి వర్గమూలం, మూడైతే ఘనమూలం. 2ని అరతో గుణిస్తే 1, దాని వర్గమూలం కూడా 1. ఎటునుంచి చూసినా సమానం. 1986లోనే ఫ్లెమింగ్, వాలేస్ అనే ఇద్దరు దీన్ని నిరూపించి రాశారు. స్పెక్ కూడా ఒక గుర్తు మెషీన్‌తో నిష్పత్తి తీసి, వాటికి గుణమధ్యమమే తీస్తుంది.

మా లెక్క, 3వ సిస్టమ్ వేగం ఒకటి అయితే: ర్యామ్ మాత్రమే 1.44 రెట్లు, ఎస్‌ఎస్‌డీ మాత్రమే 3.49, రెండూ 4.32. మామూలు సగటు తీసి ఉంటే చివరిది 4.92 అని చెప్పేవాళ్లం. ఒక్క రద్దీ పరీక్షే దాన్ని అంత పైకి లాగేది. నోటీసు బోర్డు మీద ఒక అంకె పెట్టినా, దాని కింద మూడు పరీక్షల అంకెలూ విడిగా రాయాలని తీర్మానించుకున్నాం.

8వ దశ: అట్ట మీద 550

ఇప్పుడు డబ్బు లెక్క. మిగతా ఏడు సిస్టమ్‌లకి అదే ఎస్‌ఎస్‌డీ కొంటే 11,550. మొత్తం 14,500. మిగిలిన దాంతో మూడు ర్యామ్‌లే వస్తాయి. అంటే నాలుగు సిస్టమ్‌లు 8 జీబీ, నాలుగు 4 జీబీ. ఏ పిల్లలు ఏ సిస్టమ్ దగ్గర కూర్చోవాలన్న గొడవ రోజూ ఉంటుంది.

షాపులో ఇంకో ఎస్‌ఎస్‌డీ ఉంది, 1,400. గ్యారంటీ రెండింటికీ మూడేళ్లే. ఖరీదైన దాని అట్ట మీద సెకనుకు 520 ఎంబీ అని, చవకదాని మీద 550 అని ఉంది. చవకది మంచిది కాదు, నింపితే చతికిలబడుతుందని షాపతనే చెప్పాడు. ఒక్క రోజు చూసి ఇస్తామంటే ఒకటి ఇచ్చాడు.

ఆగకుండా 20 జీబీ రాయించాం. ఖరీదైనది మొదట 440 దగ్గర నడిచి, తర్వాత 210 దగ్గర నిలబడింది. చవకది మొదటి 6 జీబీ 430 దగ్గర బాగానే రాసింది, ఆ తర్వాత ఒక్కసారిగా 48కి పడింది. మా పాత హార్డ్ డిస్క్ కంటే తక్కువ. ఇలాంటి డ్రైవ్‌లు కొంత భాగాన్ని వేగంగా రాసుకునే అరలా వాడుకుంటాయి. ఆ అర నిండేదాకానే ఆ వేగం. షాపతను చెప్పింది నిజమే.

అక్కడ ఆగిపోతే ఖరీదైనదే కొనేవాళ్లం. కానీ మా రీడింగ్ రూమ్‌లో ఒకేసారి 20 జీబీ రాసే పని ఎవరికి ఉంది? పిల్లలు ఏం చేస్తున్నారో రాసుకున్న పుస్తకం తిరగేస్తే ఒకేసారి రాసిన పెద్ద ఫైల్ 180 ఎంబీ పాఠం వీడియో. 6 జీబీ అర నిండే సందర్భమే రాదు. మా మూడు పరీక్షలు చవకదాని మీద, 8 జీబీ ర్యామ్‌తో చేశాం: బూట్ 26.9, నోట్సు 12.0, రద్దీ 19. ఖరీదైనదానికి 26.5, 11.9, 19. అన్నీ 3 శాతం లోపే.

20 జీబీ పరీక్ష తప్పు పరీక్ష అని నేననను. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి అదే అసలు పరీక్ష, వాళ్లు చవకది కొంటే ఏడుస్తారు. మా పనిలో ఆ తేడా లేదు, మేం చేయని పనికి మేం 250 చొప్పున ఎందుకు కట్టాలి?

చవకవి ఏడు: 9,800. మొత్తం 12,750. మిగిలిన 3,250తో ఏడు ర్యామ్‌లు, 3,150. మొత్తం 15,900. ఎనిమిదింటికీ ఎనిమిదేసి జీబీ.

ఇప్పటిదాకా: 55 గంటలు, 354 కొలతలు, పనికొచ్చినవి 246. ఖర్చు 15,900, మిగులు 100.

9వ దశ: బిగింపు

ఒక సిస్టమ్‌లో అంతా సిద్ధం చేసి, 18 జీబీ ఇమేజ్‌గా (మొత్తం డిస్క్ నకలుగా) తీసి మిగతావాటికి దించాం. చవక ఎస్‌ఎస్‌డీ నెమ్మదించేది ఇక్కడ కనిపించింది, ఒక్కోదానికి ఐదు నిమిషాల దాకా పట్టింది. జీవితంలో ఒక్కసారే కదా.

అన్నీ బిగించాక మళ్లీ కొలిచాం. ఏడు సిస్టమ్‌ల బూట్ 26.3 నుంచి 27.0 మధ్య వచ్చింది. 7వది 29.8. పది శాతం పైన తేడా, వదలకూడదు. పేస్ట్ సరిగ్గానే ఉంది, ర్యామ్ రెండు స్టిక్‌లూ కనిపిస్తున్నాయి. డిస్క్ చదివే వేగం చూస్తే 268 ఎంబీ, మిగతావాటిలో 520 పైన. హెచ్81 బోర్డులో డిస్క్ కేబుల్ పెట్టే సాటా పోర్టులు నాలుగు ఉంటాయి. రెండు 6 గిగాబిట్లవి, రెండు 3 గిగాబిట్లవి. తొందరలో కేబుల్ 3 గిగాబిట్ల దానికి పెట్టాం. మార్చాక 26.6. ముందే అంకెలు లేకపోతే ఆ సిస్టమ్ అలాగే ఉండిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

చివరి లెక్క: 61 గంటలు, 402 కొలతలు, పనికొచ్చినవి 286. ఖర్చు 15,900.

3వ సిస్టమ్ పాత హార్డ్ డిస్క్‌ని పారేయలేదు, కవరులో సిలికా జెల్ పొట్లంతో పాటు బీరువాలో పెట్టాం. వానాకాలంలో ఒకసారి, వచ్చే మే నెలలో ఒకసారి ఆ డిస్క్, ఒక్క ర్యామ్ స్టిక్‌తో మళ్లీ కొలుస్తాం. బీరువాలో పెట్టేముందు తాతగారు ఎదురుగా ఉండి చివరిసారి కొలిపించారు. 94.9 వచ్చింది. మొదలెట్టిన చోటికి ముప్పావు శాతం తేడాతో తిరిగొచ్చాం.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. నా చేతిలో మార్కర్ తీసుకుని 3వ సిస్టమ్ కేబినెట్ మీద 94.2 అని రాసి, దాని కింద అడ్డగీత గీసి, ఆ గీత కింద పైకి చూసే బాణం వేశారు.